స్పర్శ చికిత్సకుల విద్య, యాత్ర, సేవ

బ్రిటన్‌లో హోలిస్టిక్ థెరపిస్టులుగా, అంటే రోగలక్షణాన్ని మాత్రమే కాక మనిషి శరీరాన్నీ మనసునూ కలిపి చూసే ఉపశమన వృత్తిలో, స్థిరపడదలచినవారు ఎముకల, కండరాల నిర్మాణాన్ని చదువుతూ మర్దన, రిఫ్లెక్సాలజీ, అరోమాథెరపీ వంటి విద్యలను అభ్యసిస్తారు. పాదాల్లోని నిర్ణీత స్థానాలను వేళ్లతో నొక్కే రిఫ్లెక్సాలజీకి 1930లలో అమెరికాలో యూనిస్ ఇంగమ్ ఒక క్రమరూపం ఇవ్వగా, మొక్కల సుగంధ తైలాలను వినియోగించే అరోమాథెరపీకి ఆ పేరును ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు గాట్‌ఫోసే పెట్టాడు.

విద్య అక్కడితో ముగియదని నమ్మినవారు కేరళకు వెళ్లి ఆయుర్వేద అభ్యంగనాన్ని, అనగా ఒంటికి తైలం పట్టించి మర్దించే పద్ధతిని, నేర్చుకుంటారు. 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన థాయ్ మర్దనను బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయ పాఠశాలలో సాధన చేస్తారు.

ఈ పద్ధతులు వైద్యానికి ప్రత్యామ్నాయం కావు. అయినా క్యాన్సర్ రోగులకూ, అంత్యదశలో సంరక్షణనిచ్చే హాస్పిస్‌లలో ఉన్నవారికీ కొంత విశ్రాంతిని, తమను ఒకరు ఓపికగా పట్టించుకుంటున్నారన్న ధైర్యాన్ని ఇవ్వగలవు. ఆ రోగుల బాధను దగ్గరగా చూసిన కొందరు థెరపిస్టులు, అటువంటి సంస్థల కోసం చారిటీ ట్రెక్కింగ్‌కు, అంటే తెలిసినవారి నుంచి విరాళాలు సమీకరిస్తూ చేసే పర్వత పాదయాత్రకు, పూనుకొని 5,895 మీటర్ల కిలిమంజారో వంటి శిఖరాలను సైతం అధిరోహిస్తారు. చేతులతో చేసే సేవను తమ నడకతోనూ కొనసాగించే ఈ వృత్తినిష్ఠ నిండు గౌరవానికి అర్హమైనది.