వేషమా, పదవియా: రుద్రమ కథలును ఒక జపాను కథయు

ఢిల్లీలో ఐ.ఐ.టి. చెంతనున్న జియా సరాయ్ ఇరుకు సందులలో పోటీపరీక్షల పుస్తకములమ్ము అంగళ్లకు కొదువ లేదు. అట్టి పుస్తకములలో రజియా సుల్తానాకు ఒక పేరా దక్కినచో రుద్రమదేవికి ఒక వాక్యము దక్కును. తెలుగునాటినుండి వచ్చి అచ్చటి అద్దెగదులలో చదువుకొను విద్యార్థికి ఆ ఒక్క వాక్యము కంఠస్థము: పురుషవేషమున రాజ్యమేలిన కాకతీయ రాణి. ఈ వాక్యములో 'వేషము' అను మాట ఎక్కడినుండి వచ్చినదో అతడు అడుగడు. అడుగవలసినది తెలుగు రచయితలు. ఈ ప్రశ్నను పదునుపెట్టుటకు దూరపుదేశపు కథయొకటి అక్కరకు వచ్చుచున్నది.

జపానులో పన్నెండవ శతాబ్దము నాటి 'తొరికాయెబాయ' అను గద్యకథ కలదు. కర్త యెవరో తెలియదు. చీహో సైతో అను చిత్రకారిణి ఆ కథను ఆధారము చేసికొని 2012 నుండి 2017 వరకు ధారావాహికగా ఒక మాంగాను, అనగా చిత్రకథను, ప్రకటించి 13 సంపుటములలో ముగించినది. చిత్రకథయనగానే మన పెద్దలలో కొందరు నొసలు చిట్లింతురు. తెలుగు చారిత్రక నవలకు వన్నె తెచ్చిన అడివి బాపిరాజు చేత కుంచె కూడ ఉండెనని వారికి జ్ఞప్తి చేసిన చాలును.

కథ ఇది. రాజధానిలో ఒక ఉన్నతోద్యోగికి ఇద్దరు భార్యలయందు ఒక కొడుకు, ఒక కూతురు. రూపమున ఇద్దరు ఒక్కటే. కూతురు వీథిలో బంతియాటకు పరుగెత్తును, వేణువు ఊదును. కొడుకు తెరచాటున బొమ్మలతో కాలము పుచ్చును. ఈ ఇద్దరిని తారుమారు చేయగలిగిన ఎంత బాగుండునని తండ్రి నిట్టూర్చును. ఆ నిట్టూర్పే గ్రంథనామము. ఈడు వచ్చినప్పుడు కూతురికి పురుషోచితమైన సంస్కారము, కొడుకునకు స్త్రీ యోగ్యమైన సంస్కారము జరుగును. కూతురు కొలువులో పదవులెక్కి మంత్రిపుత్రికను పెండ్లియాడును. కొడుకు రాజకుమారికి పరిచారికయై అంతఃపురము చేరును. సైతో వీరికి పెట్టిన పేర్లు మనకు ముచ్చట గొలుపును. అక్కయగు ఆ ఉద్యోగి పేరు సరసోజు, అనగా బుద్ధుడు నిర్యాణము నొందిన చోటి జంట సాలవృక్షములు. తమ్ముడు సుయిరెన్, అనగా కలువ.

తరువాతి భాగమే అసలు కథ. సరసోజు మిత్రుడొకడు, మిక్కిలి స్త్రీలోలుడు, మొదట ఆమె భార్యను వశపరచుకొనును. పిమ్మట ఆమెయే స్త్రీయని కనుగొనును. పాతకథలో ఆమె గర్భవతియై ఉజీ గ్రామమున దాగవలసివచ్చును. అచ్చట ఆమె కనుబొమలు పెరికించుకొని, పండ్లకు నలుపు వేసికొని, జుట్టు పెంచుకొని స్త్రీ యగుట నేర్చుకొనును. ఇది చిత్రమైన ఘట్టము. అంతవరకు ఆమె ధరించినది వేషమని పాఠకుడు తలచియుండును. ఇప్పుడు ఆ కాలపు కులీనస్త్రీత్వము సైతము అంతే యత్నముతో, అంతే నొప్పితో ధరింపవలసినదని తెలియును. అంతఃపురము విడిచి పురుషవస్త్రములు తొడిగి వెదకుచు వచ్చిన తమ్ముడు ఆమెను కలిసికొనును. ఇద్దరును ఒకరి స్థానమున ఒకరు కొలువునకు మరలుదురు. కొలువు గుర్తింపదు! అది ఎరిగినది వస్త్రములను, ఆసనములను, మనుష్యులను కాదు. రాచకొలువును గూర్చి ఇంతకన్న కటువైన విమర్శ అరుదు. తుదకు ఆమె చక్రవర్తికి పట్టమహిషి యగును. ఉజీలో విడిచిన కుమారుడు ఒకనాడు ఆమె యెదుటికి వచ్చినను తల్లినని చెప్పుకొనలేదు. సైతో పాతకథను అడుగడుగునను అనుసరింపలేదు.

ఇందు కుట్రయంతయు రహస్యమునుండి పుట్టుచున్నది. ఎవడు దానిని ఎరుగునో వాడు ఆమెకు యజమాని. ఈ మూసను మన రుద్రమకు తొడుగుట సులభము. తెలుగువారు తొడిగిరి కూడ. బాపిరాజు 'గోనగన్నారెడ్డి'లో రెండు మారువేషములు కలవు. గజదొంగయని లోకమనుకొను గన్నారెడ్డి నిజమునకు కాకతీయ భక్తుడు. రాకుమారుడని లోకమనుకొను రుద్రదేవుడు నిజమునకు కన్య. రచయిత ఉత్సాహమంతయు మొదటి వేషమునకే దక్కినది. రెండవది చాళుక్య వీరభద్రుని ప్రణయమునకు అందమైన తెర. తెర తొలగుటయే దాని పని. నోరి నరసింహశాస్త్రి నన్నయ కాలమునకు 'నారాయణభట్టు', తిక్కన కాలమునకు 'రుద్రమదేవి', ఎఱ్ఱన కాలమునకు 'మల్లారెడ్డి' అని వరుస కూర్చిరి. ఆ వరుసలో రాణి కవియుగమునకు దీపస్తంభమైనది. గుణశేఖర్ 2015లో తీసిన చలనచిత్రము రహస్యమునే కథకు వెన్నెముక చేసినది.

కాని రహస్యమున్నదా?

శాసనములను చదివినవారికి ఈ సందేహము కలుగక మానదు. గణపతిదేవుడు ఒక కూతురు గణపాంబను కోట వంశజునికిచ్చి వివాహము చేసెను. మరియొక కూతురికి రుద్రుడని పేరిడి పుత్రునిగా భావించెనని విద్యానాథుని 'ప్రతాపరుద్రీయము' చెప్పుచున్నది. 1262 ప్రాంతమున ఆమె రాజ్యభారము వహించినది. ఆమెకు భర్త కలడు, నిడుదవోలు చాళుక్యుడు వీరభద్రుడు. కుమార్తెలు కలరు. ఇవి లోకవిదితములు. అయినను పెక్కు శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజనియే పేర్కొనును. రాయగజకేసరి బిరుదము తండ్రినుండి ఆమెకు సంక్రమించినది. దాచుటకు ఏమియు లేదు. సామంతుడు, సేనాని, కరణము, శిల్పి, అందరును ఎరిగి అంగీకరించిన పుంలింగమది. జపాను కథలో పదవి రహస్యముపై నిలిచినది. ఓరుగల్లులో అంగీకారముపై నిలిచినది. అంగీకారము ఏనాడైనను ఉపసంహరింపదగినది కావున ఇదియే మరింత ప్రమాదకరము. నేడు 'మహారాజు' అని చెక్కించినవాడు రేపు తిరుగుబాటు చేయవచ్చును. కాయస్థ అంబదేవుడు చేసెను.

ఢిల్లీ ఇంతటి అంగీకారమునకు నోచుకొనలేదు. జియా సరాయ్‌కి దక్షిణమున, అనతిదూరమున మెహ్రౌలీ కలదు. అచ్చటినుండి 1236 మొదలు 1240 వరకు ఏలిన రజియా పరదా విడిచి, పురుషుల అంగీ టోపీ ధరించి బహిరంగముగా కూర్చుండెను. రాజగుణములన్నియు ఉన్నను పురుషజన్మ లేకపోవుటచే అవి నిష్ప్రయోజనమయ్యెనన్నది మిన్హాజ్ తీర్పు. శతాబ్దము దాటిన పిదప దక్కనులో కూర్చుండి వ్రాసిన ఇసామీ ఆమె శీలమునే నిందించెను. వస్త్రము మారినది, వ్యాకరణము మారలేదు. కాకతీయులు వ్యాకరణమునే మార్చిరి. మోటుపల్లి రాజ్యమును వర్ణించిన మార్కోపోలోకు ఇది అంతుపట్టక, కూతురిని మృతరాజు భార్యగా వ్రాసికొనెను. పాపము, అతని ఊహకు అందినది వితంతువు మాత్రమే.

ఆ దశాబ్దులలోనే తిక్కన జీవించియుండెను. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును దాటి అతడు విరాటపర్వముతో భారతమును ఆరంభించెను. అందు అర్జునుడు బృహన్నలయై రాచకన్నెకు నాట్యము నేర్పును. ఈ రెంటికి సంబంధము కట్టుట సాహసము. అయినను ఆ కాలపు తెలుగు శ్రోతకు బృహన్నల నవ్వుటకు మాత్రమే పనికివచ్చు వేషముగా తోచియుండడు.

మన నవలాకారులు విడిచిన ఘట్టములు ఇట్టివి: తన భార్యను 'మహారాజా' అని సంబోధింపవలసిన వీరభద్రుడు, తల్లి పేరు పుంలింగమున చెక్కిన శిలను చదువు కూతురు, స్త్రీయని ఎరిగి మ్రొక్కి, మ్రొక్కిన చేతితోనే కత్తి దూయు సామంతుడు. ఇందు తెర తొలగించు పని లేదు, కనుక ప్రణయకథకులకు పట్టు చిక్కదు.

నల్లగొండ సీమలోని చందుపట్లలో 1289 నాటి శాసనమొకటి కలదు. పువ్వుల ముమ్మడి యను సేవకుడు మరణించిన తన ప్రభువులకు పుణ్యముగా భూమినిచ్చి వేయించినది. అంబదేవునితో జరిగిన పోరులో ఆమె కూలినదని చరిత్రకారుల ఊహ. అందు ఆమె మహారాజు కాదు, కాకతి రుద్రమదేవి. ఆమె ప్రక్కన పేర్కొనబడినది సేనాని మల్లికార్జున నాయకుడు.