తెల్లారగట్ల నేత

మామిడి తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగిన చోట, వాలిన కొమ్మ నుంచి గడ్డి దుబ్బుకి, తెల్లారేసరికి జల్లెడంత సాలెగూడు లేచి ఉంటుంది. నడిమధ్యన తలకిందులుగా సాలీడు, కాళ్లు రెండేసి జత చేసి గుణకారపు గుర్తులా. నిన్న సాయంత్రం అక్కడ ఏమీ లేదు.

ఆ నేత చూడాలంటే చీకటితోనే లేవాలి. ముందు ఒక పోగుని గాలికి వదులుతుంది. అది ఎక్కడ తగులుకుంటే అక్కడికి వంతెన పడ్డట్టే. తర్వాత చట్రం, ఆపైన బండిచక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచులకి పోగులు. ఇది పడుగు. అసలు పనితనమంతా పేక దగ్గరుంది. మొదట మధ్య నుంచి బయటికి, ఎడంఎడంగా, జిగట లేని పోగు చుడుతుంది. మేస్త్రీ కట్టుకునే పరంజా లాంటిదది. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి తిరిగి వస్తూ జిగట పోగు పరుస్తుంది, వస్తూవస్తూనే పరంజా విప్పేస్తుంది. ముందుకాలితో పక్క వరసని తడిమి ఎడం కొలుచుకుంటుంది, వెనకకాలితో పోగు లాగి అతికిస్తుంది. చీకట్లో అంతా స్పర్శే. భూతద్దం పెట్టి చూడండి, జిగట పోగు పొడవునా పూసలు గుచ్చినట్టు జిగురు బొట్లు కనిపిస్తాయి. పాడైన గూటిని చాలా సాలీళ్లు తామే తినేస్తాయి, ఆ మాంసకృత్తులే మళ్లీ కొత్త పోగవుతాయి. మగ్గం, నూలు, నేతగత్తె అన్నీ ఒక్క ఒంట్లోనే!

గూడు కట్టనివీ ఉన్నాయి. ఆకుల మీద పొంచి తేనెమంచు పురుగుల్ని పట్టే సాలీళ్లు, గుడ్లసంచి వెంట ఈడ్చుకుంటూ గడ్డిలో వేటాడే తోడేలు సాలీళ్లు. అన్నీ రైతుకి జీతం లేని కాపలాయే.

ఇక గడ్డిమందు. గ్లైఫోసేట్ మొక్కల్లోని ఒక ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, జంతువుల్లో ఆ ఎంజైమే లేదు. సాలీడుకి ఏమీ కాదన్న ధీమా అక్కడిదే. కానీ 2010లో అచ్చయిన అర్జెంటీనా పరిశోధన చదివాక నాకు ఆ ధీమా పోయింది. సోయా చేలల్లో గూళ్లు అల్లే ఒక సాలీడుకి మందు తగిలిన పురుగుల్ని మేపారు. సాలీళ్లు చావలేదు. తిండి తగ్గింది, నేత మొదలుపెట్టడం ఆలస్యమైంది, గూళ్ల అల్లిక చెడింది, సంతానం తగ్గింది. తోటలో చచ్చి పడి ఉన్న సాలీడు కనిపించదు కాబట్టి ఈ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

సాలీడు ఒంట్లో ఏం జరిగిందో గూడు చెప్పేస్తుందని 1948లో జర్మనీలోని ట్యూబింగెన్‌లోనే తేలింది. తెల్లవారుజామున లేచి నేత చూడ్డం కష్టమై, ఆ వేళ మార్చే మందేదైనా ఇమ్మని పీటర్స్ అనే జంతుశాస్త్రజ్ఞుడు ఔషధ శాస్త్రజ్ఞుడు పీటర్ విట్‌ని అడిగాడు. విట్ ఇచ్చిన మందులకి వేళ మారలేదు, అల్లిక మారింది.

మన దేశంలో గ్లైఫోసేట్‌కి అనుమతి తేయాకు తోటలకీ, పంట లేని నేలలకీ మాత్రమే. మామిడి తోట అందులో లేదు. 2022 అక్టోబరులో కేంద్రం ఇంకా బిగించి, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదంది.

మందు ఒంటికి తగలకపోయినా, తోటంతా ఒక్కసారిగా మాడితే వంతెన పోగుకి అవతలి కొస దొరకదు. గడ్డి తీయాల్సిందే, కాదనను. వరస విడిచి వరస కోయించండి. కోసిన వరసలో చిగురొచ్చేదాకా పక్క వరసలో దుబ్బులు నిలిచి ఉంటాయి.