చాంబర్ కింద అట్టముక్క

ఈ వారం ఈ కాలమ్ రచయితను సంతోషపెట్టిన దృశ్యం మైలవరంలో ఓ సందులో కనబడింది. ఇంటాయన తన పాత మారుతి కింద రాత్రి పూట ఒక అట్టముక్క పరిచి పెట్టాడు. తెల్లారాక దాన్ని బయటికి లాగి, నల్లటి చుక్కలు ముందు చక్రానికి ఎంత దూరంలో పడ్డాయో జానలతో కొలుచుకుంటున్నాడు. మెకానిక్‌కి ఫోన్ చేసే ముందే తన బండికి ఏమైందో తెలుసుకోవాలన్న పట్టుదల అది. చేతికి అందే పని మనమే చేసుకోవాలని ఈ శీర్షిక ఎన్నాళ్లుగానో పోరుతోంది. కుళాయి వాషర్ గురించీ ఫ్యాన్ కండెన్సర్ గురించీ ఇక్కడ చదివినవారికి ఈ పోరు కొత్త కాదు.

ఆయిల్ కారడంలో అసలు విద్య అంతా మూలం కనిపెట్టడంలోనే ఉంది. చుక్క పడినచోటే కారుతోందనుకుంటే పప్పులో కాలేసినట్టే. పై నుంచి జారిన ఆయిల్‌ను, బండి నడుస్తున్నప్పుడు కింద వీచే గాలి వెనక్కి తోస్తుంది. అందుకే మూలం చాలాసార్లు చుక్కకు పైనా, కాస్త ముందూ దొరుకుతుంది. ముందు రంగు చూడాలి. గోధుమరంగో నలుపో అయితే ఇంజన్ ఆయిల్. పచ్చగానో గులాబీరంగులోనో ఉంటే కూలెంట్. ఉత్త నీళ్లయితే ఏసీవి, కంగారు అక్కర్లేదు. తర్వాత ఇంజన్ చల్లబడ్డాక జిడ్డంతా గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఓ రోజు తిప్పి, టార్చి వేసి వెతకాలి. తుడవకుండా వెతికితే పాత జిడ్డేదో కొత్త తడేదో ఎవరికీ తెలియదు. పది బళ్లు వరసలో ఉన్న షెడ్డులో మేస్త్రికి ఇంత తీరిక ఉండదు. తీరిక ఉన్నది బండిగల మనిషికే.

ఎక్కువసార్లు దొంగ దొరికేది ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఇంజన్ పైభాగంలోనే ఉంటుంది కనుక బండిని ఎత్తాల్సిన పని లేదు. కవర్ తీసి, రెండు అంచుల మీదా పాత ప్యాకింగ్ పెచ్చు లేకుండా తుడిచి, కొత్తది కూర్చోబెట్టి, బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. బలమంతా పెట్టి బిగిస్తే ప్యాకింగ్ నలిగి బయటికి వస్తుంది, కారడం ఎక్కువవుతుంది. ఇంకో సంగతి, బ్రీతర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి. లోపలి పొగకు దారి లేకపోతే ఆ ఒత్తిడి మంచి సీళ్ల నుంచి కూడా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. అది చూడకుండా ఎన్ని సీళ్లు మార్చినా డబ్బు దండగ.

గేర్‌బాక్సు పక్కన ఉండే వెనక ఆయిల్ సీల్ దారి వేరు. సీలు చిన్నదే, దాన్ని చేరాలంటే మాత్రం గేర్‌బాక్సు దించాలి. అలాంటి పనికి విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉంది. 1960ల్లో మొదలైన ఆ పేటలో, దొరకని ప్యాకింగ్‌ను చేత్తో కోసిచ్చే పనివాళ్ల నైపుణ్యం కళ్లారా చూడాల్సిందే. షీటును ఇనుప భాగం మీద పరిచి, గుండ్రటి తల సుత్తితో అంచు వెంబడి చిన్నగా కొడుతూ పోతారు. అంచు ఎక్కడ ఉందో షీటు అక్కడే తెగుతుంది. కొలబద్ద లేదు, గీత లేదు. బోల్టు రంధ్రాలూ అలాగే పడతాయి. ఆ చేతికి ఇచ్చే కూలీ ఎక్కువని బేరమాడటం అన్యాయం.

ఇక చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. దాని ప్యాకింగ్ మార్చాలంటే ఆయిల్ మొత్తం దించాలి. చిన్న కారుకైనా సుమారు మూడు లీటర్లు. అంతదాకా ఇంటిపని గురించి ఉత్సాహంగా సాగిన ఆలోచనకు ఇక్కడే అడ్డు తగులుతుంది. ఆ మూడు లీటర్లూ ఎటు పోతాయి?

బుడమేరు వాగు పుట్టేది మైలవరం చుట్టూ ఉన్న కొండల్లోనే. అక్కడినుంచి వెలగలేరు మీదుగా విజయవాడ దాటి కొల్లేరు చేరుతుంది. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సది. మన వీధి కాలువలో పోసింది ఈ వాలున పోవాల్సిందే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు కట్ట తెగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు అందరూ చూశారు, పైన ఊళ్లలో కాలువకు వదిలింది కింద ఊళ్లలో గుమ్మం ఎక్కుతుందని.

వాడేసిన ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కగట్టాయి. దాన్ని అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే చేర్చాలి. షెడ్డులో డ్రమ్ము ఉంటుంది, నిండితే కొనేవాడు వస్తాడు. ఇంట్లో మిగిలే డబ్బాడు ఆయిల్‌కు ఆ దారి లేదు. పెరట్లోనో కాలువలోనో పడుతుంది, లేదంటే చెదలకు మందని తలుపు చెక్కకు పూస్తారు. దీనికి తోడు జాకీ మీదో, ఇటుకల మీదో నిలిపిన బండి కిందకు మనిషి దూరడం ప్రాణాలతో చెలగాటం.

అందుకని ఈ కాలమ్ తన పాత పోరును ఈ ఒక్కచోట సడలించుకుంటోంది. అట్టముక్క పరచండి, మూలం పట్టుకోండి, ట్యాపెట్ కవర్ అయితే మీరే మార్చుకోండి. ఆయిల్ దించాల్సిన పని మాత్రం షెడ్డుకే ఇవ్వండి. ఇచ్చే ముందు, పాత ఆయిల్ ఏ డ్రమ్ములో పోస్తారో, దాన్ని ఎవరు పట్టుకెళ్తారో మేస్త్రిని అడగండి. కాలువ వైపు చేయి చూపిస్తే తాళం వెనక్కి తీసుకుని పక్క షెడ్డుకు వెళ్లండి.