కామెంటేటర్ మాట్లాడేది ఎవరితో?

బేస్‌బాల్ అలవాటు లేనివాళ్లు తొలిసారి చూసినప్పుడు అడిగే మాట ఒకటుంది: ఇందులో ఆడేదెప్పుడు? పిచ్చర్ బంతిని చేతిలో తిప్పుకుంటూ నిలబడతాడు. క్యాచర్ వేళ్లతో సైగ చేస్తాడు. బ్యాటర్ గీత దాటి బయటికొచ్చి గ్లవ్స్ బిగించుకుంటాడు. గంటల తరబడి సాగే ఆటలో బంతి కదిలేది కాసేపే. అలాంటి ఆటలు ఒక్కో అమెరికా మేజర్ లీగ్ జట్టుకి సీజన్‌లో 162, అంటే ఆరు నెలలపాటు దాదాపు రోజూ. ఇంత ఖాళీని మోసేది కామెంటేటర్. ఆ లీగ్‌లో ప్రతి జట్టుకీ సొంత కామెంటేటర్లుంటారు. ఆటగాళ్లు మారతారు, కోచ్‌లు మారతారు, ఆ గొంతు మాత్రం పదేళ్లకీ ఇరవయ్యేళ్లకీ అదే. జాతీయ జట్టు చుట్టూ తిరిగే మన క్రికెట్ కామెంటరీలో ఈ బంధం లేదు.

ఈ కామెంటేటర్లని నేను ఒకే ప్రశ్నతో తూస్తాను. ఈయన మాట్లాడేది పక్క కుర్చీలో ఉన్నాయనతోనా, ఇంట్లో కూర్చున్న మనిషితోనా?

మేజర్ లీగ్ బేస్‌బాల్ తొలిసారి టీవీలో వచ్చింది 1939 ఆగస్టు 26న. బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో డాడ్జర్స్, సిన్సినాటి రెడ్స్ తలపడ్డాయి. కెమెరాలు రెండే. మైకు ముందు రెడ్ బార్బర్. ఆయన ఎదుట మానిటర్ లేదు, కెమెరా ఏం చూపిస్తోందో ఊహించుకుని మాట్లాడాలి. ప్రకటనలూ ఆయనే చేశాడు. సబ్బు పట్టుకుని చూపించాడు, పెట్రోలు బంకు టోపీ పెట్టుకున్నాడు, గిన్నెలో వీటీస్ అనే అల్పాహారం పోశాడు.

బార్బర్ పేరు నిలబెట్టింది రేడియో. గుడ్డు ఉడికే సమయం చూసుకునే మూడు నిమిషాల ఇసుక గడియారం ఒకటి మైకు పక్కన పెట్టుకునేవాడు. ఇసుక జారిపోగానే స్కోరు చెప్పి దాన్ని తిరగేసేవాడు. అప్పుడే పొలం నుంచో దుకాణం నుంచో వచ్చి రేడియో తిప్పిన మనిషి స్కోరు కోసం కాచుక్కూర్చోకూడదన్నది ఆయన పట్టుదల. ఇప్పుడు స్కోరు తెర మూలన ఎప్పుడూ ఉంటుంది. అయినా ఆట ఎక్కడిదాకా వచ్చింది, ఈ బ్యాటర్ ఇందాక ఏం చేశాడు అన్నది మళ్లీ మళ్లీ అందించే అలవాటు ఆ ఇసుక గడియారం పెట్టిన భిక్షే.

ఆయన మరో పట్టింపు 1947 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్ పోరు) నాలుగో ఆటలో బయటపడింది. యాంకీస్ పిచ్చర్ బిల్ బెవెన్స్ డాడ్జర్స్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా వస్తున్నాడు. ఆ మాట పైకి అంటే అది చెడిపోతుందని బేస్‌బాల్‌లో గట్టి నమ్మకం. మొదటి సగం రేడియోలో చెప్పిన మెల్ అలెన్ ఆ నమ్మకాన్ని మన్నించి ఊరుకున్నాడు. మైకు అందుకోగానే బార్బర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక డాడ్జర్స్ బ్యాటర్ లావగెట్టో డబుల్ కొట్టాడు. హిట్ లేని ఆటా పోయింది, మ్యాచూ పోయింది. బార్బర్ నోరే అపశకునమని తిట్టినవాళ్లున్నారు. నేను మాత్రం బార్బర్ పక్షమే. ఆటగాళ్ల డగౌట్‌లో మూఢనమ్మకం చెల్లుతుంది, వినేవాడికి మాత్రం వార్త అందాలి.

1950లో బార్బర్ చేరదీసిన ఇరవై రెండేళ్ల కుర్రాడు విన్ స్కల్లీ. 2016 దాకా, 67 సీజన్లు డాడ్జర్స్‌తోనే ఉన్నాడు. జట్టు 1958లో లాస్ ఏంజెలెస్‌కి తరలినప్పుడు కొలీజియంలో మైదానానికి చాలా దూరంగా కూర్చున్న జనం ట్రాన్సిస్టర్లు తెచ్చుకుని, కళ్లెదుటి ఆటని ఆయన నోట వినేవారు. డాడ్జర్స్ ఆటల్ని ఆయన ఎక్కువగా ఒంటరిగానే చెప్పాడు. బూత్‌లో ఇద్దరుంటే వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు, ఒక్కడుంటే నీతో మాట్లాడతాడు. ఆయన కథ మొదలుపెట్టి, మధ్యలో బంతి పడితే గొంతు మార్చకుండా ఒక ముక్కలో దాని సంగతి చెప్పి, వదిలిన చోటునుంచే కథ అందుకునేవాడు.

ఇక ఆయన మౌనం. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటాడు. నల్లజాతివాడు ఆ రికార్డు దాటకూడదని ఆయనకి చంపుతామన్న బెదిరింపు ఉత్తరాలు వచ్చిన రోజులవి. బంతి గోడ దాటిందని చెప్పి స్కల్లీ మైకు వదిలేశాడు. వినిపించింది జనం హోరు, బాణసంచా. తర్వాత ఆయన ఎత్తుకున్నది అంకె కాదు: దక్షిణాదిలో ఒక నల్లజాతి మనిషికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారన్న సంగతి. 1988 అక్టోబరు 15న రెండు కాళ్లూ సరిగ్గా నడవనివ్వని కర్క్ గిబ్సన్ వరల్డ్ సిరీస్ తొలి ఆటని హోమ్ రన్‌తో గెలిపించినప్పుడు, స్కల్లీ ఎన్‌బీసీ టీవీలో నిమిషానికి పైగా ఏమీ మాట్లాడలేదు. బొమ్మ ఉన్నచోట మాట అడ్డమని తెలిసిన కామెంటేటర్ అరుదు.

పక్క కుర్చీ వల్ల లాభం లేదనడం లేదు. మాజీ ఆటగాడు అక్కడ కూర్చునేది జరిగినదాన్ని తిరిగి వల్లించడానికైతే దండగ, జరగబోయేది చెప్పగలిగితే బంగారం. 2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆట చివరి ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఫీల్డర్లు ముందుకొచ్చి నిలబడ్డారు. పిచ్చర్ మరియానో రివేరా. ఆయన బంతి ఎడమచేతి బ్యాటర్ల ఒంటిమీదికి వస్తుంది, బ్యాట్ విరిగి బంతి ఫీల్డర్ల తల మీదుగా పడే ప్రమాదం ఉంది అన్నాడు ఫాక్స్ టీవీలో ఒకప్పటి క్యాచర్ టిమ్ మెక్‌కార్వర్. క్షణాల్లో లూయిస్ గొంజాలెజ్ కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ జీటర్ తల మీదుగా అచ్చం అలాగే పడింది, అరిజోనా గెలిచింది.

స్టూడియో హోస్ట్ పని వేరు. 2009 జనవరి 1న మేజర్ లీగ్ ఛానల్ ఎంఎల్‌బీ నెట్‌వర్క్ మొదలైన రాత్రి, 1956 వరల్డ్ సిరీస్‌లో డాన్ లార్సెన్ ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆటని, అది జరిగిన రోజు తర్వాత తొలిసారి టీవీలో వేశారు. లార్సెన్‌నీ, ఆనాటి క్యాచర్ యోగీ బెరానీ కూర్చోబెట్టుకుని బాబ్ కాస్టాస్ మధ్యమధ్యలో మాట్లాడించాడు. మామూలు రోజుల్లో హోస్ట్‌కి ఇంత తీరిక ఉండదు. ఒక్కో రాత్రి పదిహేను ఆటలదాకా నడుస్తాయి. ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి దూకేటప్పుడు ఎవరు బ్యాటింగ్, బేసుల మీద ఎవరున్నారు, ఇక్కడికెందుకు వచ్చాం అన్నది నాలుగైదు సెకన్లలో తేల్చాలి. అదే ఛానల్‌లో స్టూడియో 42 అని సగం కొలతల మైదానం ఉంది. ఒకప్పటి ఆటగాడు జాకీ రాబిన్సన్ జెర్సీ నంబరు దాని పేరు. మాజీ ఆటగాళ్లు అందులో దిగి పాదం ఎలా తిప్పాలో, గ్లవ్ ఎక్కడ పెట్టాలో చేసి చూపిస్తారు. అరగంట విశ్లేషణ కన్నా అది మేలు.

భాష సంగతి వదలలేను. ఈక్వెడార్ నుంచి వచ్చిన హైమె హరీన్ అమెరికా చేరేదాకా బేస్‌బాల్ చూడనేలేదు. 1959 నుంచి 2022 దాకా డాడ్జర్స్ ఆటల్ని స్పానిష్‌లో చెప్పాడు. తొలిరోజుల్లో బయటి ఊళ్లలో జరిగే ఆటలకి స్టూడియోలోనే కూర్చుని, చెవిలో ఇంగ్లిష్ వింటూ నోట స్పానిష్ పలికేవాడు. 1981లో డాడ్జర్స్ పిచ్చర్, మెక్సికో కుర్రాడు ఫెర్నాండో వాలెన్‌జువేలా ఊపేసినప్పుడు విలేకరుల ముందు ఆయనకి దుబాసీ హరీనే. ఐపీఎల్‌ని తెలుగులో వింటున్న ఇళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

2023లో పిచ్ క్లాక్ వచ్చింది. బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో బంతి వెయ్యాలి. సగటు ఆట మూడు గంటల పైనుంచి రెండు గంటల నలభై నిమిషాలకి దిగింది. ఆటకిది మంచిదే. కథ చెప్పేవాడికి మాత్రం ఊపిరి తగ్గింది, ఇద్దరు ముగ్గురున్న బూత్‌లో అది ఇంకా ఇరుకు. 162 ఆటల్లో కొన్నింటికైనా ఒక్కరికే మైకిచ్చే ధైర్యం ఏదైనా ఛానల్ చేస్తే బాగుండును.