ముందు తిరుగు రైలు చూసుకోండి

అమెరికాలో కారు లేకుండా అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా ఆలోచించేది స్టేడియానికి ఎలా చేరాలి అన్నదే. లెక్క తప్పేది అక్కడేనని నా నమ్మకం. చేరడం తేలిక. జనం విడతలు విడతలుగా రెండు మూడు గంటలపాటు వస్తూనే ఉంటారు. ఆట ముగిశాక మాత్రం అందరూ ఒక్కసారే లేస్తారు. ఆట చూడటం ఒక ఎత్తు, బయటపడటం మరో ఎత్తు. ఉప్పల్‌లో ఐపీఎల్ చూసి మెట్రో మెట్ల దగ్గర నిలబడ్డవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ప్లాను చివరి నుంచి మొదలుకు వేసుకోవాలి. ఆట అయ్యాక ఏ రైలు, ఏ స్టేషన్లో ఎక్కాలి, ఆ రాత్రి బస ఎక్కడ అన్నవి తేలాకే మిగతావన్నీ.

2014 ఫిబ్రవరి 2న న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో ఆ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ జరిగింది. భద్రత కోసం పార్కింగ్ బాగా తగ్గించి, రైళ్లలో రమ్మని నిర్వాహకులే ప్రచారం చేశారు. జనం ఆ మాట విన్నారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ మంది రైలెక్కారు, బండి మారాల్సిన సికాకస్ జంక్షన్ వెళ్లేటప్పుడే కిక్కిరిసిపోయింది. సీటెల్ సీహాక్స్ 43-8తో డెన్వర్ బ్రాంకోస్‌ను ఓడించాక తిరుగు రైలు దగ్గర రద్దీ ఇంకా పెరిగి, కాసేపు లోపలే ఉండమని ప్రేక్షకులకు స్టేడియంలో చెప్పాల్సి వచ్చింది. రైలును నమ్ముకుంటే ఇంతే అనడానికి ఈ ఉదాహరణ చూపిస్తుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. అక్కడ జనమంతా ఒకే లైను మీద, ఒకే జంక్షన్ గుండా పోవాలి. స్టేడియం నుంచి బయటికి ఎన్ని దారులున్నాయో చూడకుండా రైలు ఉందా లేదా అని మాత్రమే చూస్తే సరిపోదు.

ఆ రాత్రి గెలిచిన జట్టు సొంత ఊరు సీటెల్ దీనికి నేరుగా వ్యతిరేకం. 2002లో తెరిచిన అక్కడి స్టేడియం లుమెన్ ఫీల్డ్‌లో 68 వేలకు పైగా సీట్లున్నాయి. పక్కనే 1906 నాటి కింగ్ స్ట్రీట్ స్టేషన్. పోర్ట్‌లాండ్‌కీ, కెనడాలోని వాంకూవర్‌కీ ఆమ్‌ట్రాక్ రైళ్లు అక్కడి నుంచే వెళ్తాయి. విమానాశ్రయం నుంచి లైట్ రైల్లో అరగంట పైచిలుకు. బైన్‌బ్రిడ్జ్ దీవి నుంచి ఫెర్రీలో వచ్చేవాళ్లు రేవు నుంచి నడిచే వస్తారు. ఒకే జనం నాలుగు దిక్కులకు విడిపోయే వీలుంది. అయినా ఆట ముగియగానే అందరూ దగ్గర్లోని చైనాటౌన్ స్టేషన్‌కే పరుగెడితే ఆ వీలు వృథా. ఉత్తరంగా, యూనివర్సిటీ వైపు వెళ్లేవాళ్లు దక్షిణాన ఉన్న స్టేడియం స్టేషన్‌కి నడవాలి. రైలు చైనాటౌన్ కంటే ముందు అక్కడ ఆగుతుంది. విమానాశ్రయం వైపు వెళ్లేవాళ్లు ఉత్తరాన పయొనీర్ స్క్వేర్‌కి నడవాలి. రద్దీ ఎక్కకముందే బండిలో ఉండాలన్నది సూత్రం. నడక ఇష్టం లేకపోతే చైనాటౌన్లోనే ఏదో ఒక హోటల్లో ఓ గంట కూర్చుని నింపాదిగా భోంచేయడం అన్నిటికంటే మంచి పద్ధతి.

ఇక టైము సంగతి. టీవీ కోసం ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్ వేళలు మారుస్తుంది. మధ్యాహ్నం 1:25కి ఉన్న ఆదివారం ఆటను సాయంత్రం 5:20కి జరిపే అధికారం లీగ్‌కి ఉంది. సీజన్ చివరి వారాల్లో ఆరు రోజుల ముందు చెబితే చాలు. ఆట మూడు గంటలకు పైనే సాగుతుంది. అలా జరిగితే ఆ సాయంత్రం పోర్ట్‌లాండ్‌కి కొనుక్కున్న టికెట్టు చిత్తుకాగితం. పైగా ఆదివారం లైట్ రైల్ మిగతా రోజుల కంటే ముందే ఆగిపోతుంది. కాబట్టి ఒక్క రాత్రికే హోటల్ తీసుకునే స్తోమత ఉంటే, అది ఆటకు ముందు రాత్రి కాదు, ఆట అయిన రాత్రి కావాలి. అదీ స్టేడియం పక్కన అక్కర్లేదు, లైట్ రైల్ స్టేషన్ దగ్గరైతే చాలు.

కారున్నవాళ్లకు తట్టని చిక్కు బ్యాగు. 2013 నుంచి ఎన్ఎఫ్ఎల్ స్టేడియాల్లోకి లోపలి వస్తువులు కనబడే ప్లాస్టిక్ సంచినే రానిస్తారు. 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు దాటకూడదు. అది కాక అరచేయంత పర్సు ఒకటి. వీపు సంచితో గేటు దాకా వచ్చినవాళ్లకు దాన్ని పడేయడానికి కారు డిక్కీ ఉండదు. ఆట రోజు పొద్దున్నే సామాను హోటల్ కౌంటర్లో అప్పజెప్పే ఏర్పాటు, గది బుక్ చేసేటప్పుడే అడిగి ఖాయం చేసుకోవాల్సిన విషయం.

పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే కారే నయం కదా అంటారు. వాన చినుకుల్లో మోకాళ్ల నొప్పులతో నడవడం కష్టమే, కాదనను. కానీ పార్కింగ్ లాట్ నుంచీ నడవాలి, ఆ తర్వాత కదలని కార్ల వరసలో కూర్చోవాలి. పెద్దవాళ్లకు కావాల్సింది దగ్గర స్టేషను, జనం తగ్గేదాకా ఓ గంట ఓపిక. కారు వెనక తలుపు తెరిచి మాంసం కాల్చుకుంటూ గడిపే టెయిల్‌గేటింగ్ మాట వేరు. అది కావాలనుకునేవాళ్లకు కారు తప్పదు, దానికి బదులు నా దగ్గర లేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం డాలస్ వైపు నుంచి వస్తుంది. అక్కడ తెలుగు కుటుంబాలు ఎక్కువ, స్థానిక జట్టు కౌబాయ్స్ అభిమానులూ ఎక్కువ. ఆ జట్టు ఆడే ఆర్లింగ్టన్లోని స్టేడియానికి రైలు లేదు. దగ్గరి స్టేషన్ కొన్ని మైళ్ల దూరం. అక్కడ కారు లేకుండా వెళ్లమని చెప్పడం మొండితనం. అయితే ఎలాగూ విమానమెక్కి ఒక మ్యాచ్ చూడాలనుకునేవాళ్లు జట్టుతో పాటు ఊరినీ ఎంచుకోవచ్చు. కౌబాయ్స్ ఏటా ఫిలడెల్ఫియాలో ఆడతారు. అక్కడ బ్రాడ్ స్ట్రీట్ సబ్‌వే చివరి స్టేషన్ స్టేడియాల దగ్గరే. చివరి స్టేషన్ అంటే ఆట అయ్యాక ఖాళీ బండి అక్కడి నుంచే మొదలవుతుంది.