దూరాన్ని ఎక్కణ్ణుంచి కొలవాలి?

ఈ వారం నాకు సంతోషం కలిగించింది ఒక ప్రశ్న. మా చెల్లెలి కూతురు హన్మకొండలో ఉంటుంది. ప్రజారోగ్యంలో పీజీ పూర్తిచేసి, యూరప్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఒక అంతర్జాతీయ సహాయ సంస్థలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. పని అంతా ఇంటి నుంచే. పిల్లల ఆరోగ్యం గురించి ప్రభుత్వాలనూ దాతలనూ ఒప్పించే విభాగం అది. తను రాసిన రెండు పేజీల నోట్ నాకు పంపి, ఫోన్ చేసింది. “పెద్దమ్మా, ఇంగ్లీషు సంగతి వదిలెయ్. మూడో పేరాలో కారణాలు రాసినం చూడు. మన ఇటుక బట్టీల పిల్లలు అందులో ఎక్కడొస్తరు?”

ఆ నోట్ ‘జీరో డోస్’ పిల్లల గురించి. డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా మొదటి డోసు కూడా అందని బిడ్డను ఈ లెక్కలో వేస్తారు. మన దగ్గరైతే ఆరో వారంలో తొడకు వేసే పెంటావాలెంట్ అన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనా ప్రకారం 2024లో ఇలాంటి పిల్లలు ప్రపంచం మొత్తం మీద 1 కోటి 43 లక్షల మంది. మన దేశంలో 9 లక్షలు. అంతకుముందు ఏడాది 16 లక్షలు ఉండేవాళ్లు కాబట్టి ఇది చిన్న విజయం కాదు. ఎందుకు అందలేదన్న దానికి నోట్‌లో మామూలు కారణాలే ఉన్నాయి: యుద్ధాలు, దారుల్లేని కొండలు, ఆస్పత్రికి దూరం, తల్లికి చదువు లేకపోవడం. పెద్దపల్లి బట్టీకి తారురోడ్డు ఉంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దగ్గర్లోనే ఉంది. అక్కడి బిడ్డ ఈ కారణాల్లో దేనికిందికీ రాదు. పిల్ల అడిగింది అదే.

ఈ ప్రశ్న రావడానికి ముందు మాత్రం ఈ వారం నా ధోరణి వేరుగా ఉంది. బంధువుల ఇంట శుభకార్యానికి వెళ్తే ఒక పెద్దాయన ఆ పిల్లను పట్టుకుని, “ఇంట్ల కూసోని ఇంగ్లీషుల రాస్తే ఏడనో ఉన్న పోరగాండ్లకు జ్వరం తగ్గుతదా బిడ్డా?” అన్నాడు. పిల్ల ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను, ఎందుకంటే నా మనసులో ఉన్నదీ అదే మాట. గడప తొక్కనివాళ్లు గణాంకం ముట్టుకోకూడదని ఈ కాలమ్‌లో నేను ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. అంగన్‌వాడీల్లో సరిగా పనిచెయ్యని తూకం మిషన్ల గురించి రాసినప్పుడల్లా చెప్పింది అదే: మిషన్ ముల్లు సున్నా దగ్గర నిలబడుతోందో లేదో వంగి చూడకుండా, జిల్లాలో పోషకాహార లోపం ఇంత శాతం అని ప్రకటించకండి. మిషన్ల సంగతి ఇక ముందూ రాస్తాను. ఆ నమ్మకం అలాగే ఉంది.

ఈ నమ్మకం నాకు పుస్తకంలోంచి రాలేదు. అప్పట్లో నేను కరీంనగర్‌లో జిల్లా విలేకరిని. పల్స్ పోలియోకి ఆదివారం బూత్‌లు పెడతారు, తర్వాతి రోజుల్లో ఇల్లిల్లూ తిరుగుతారు. అలా తిరిగే ఒక ఏఎన్‌ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) వెంట పెద్దపల్లి వైపు బట్టీలకు వెళ్లాను. ఊళ్లో అందరికీ ఆమె నర్సమ్మ. భుజానికి వ్యాక్సిన్ క్యారియర్, అందులో నాలుగు ఐస్ ప్యాకులు, వాటి మధ్య కవర్లో చుక్కల మందు సీసాలు. సీసా తీసిన ప్రతిసారీ దాని మీది చిన్న గుర్తును వెలుగులో పెట్టి చూసేది. వలయం లోపలి చతురస్రం వలయం కంటే లేతగా ఉంటేనే మందు పనికొస్తుంది. ఎండ తగిలి అది ముదిరిందంటే ఆ సీసా పక్కన పెట్టాల్సిందే.

ఊళ్లో అయితే పద్ధతి తేలిక. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో ‘పి’ అని రాస్తారు. ఒక్క బిడ్డ మిగిలినా ‘ఎక్స్’. ఎందుకు మిగిలిందో కూడా షీట్‌లో ఎక్కించాలి: ఇంటికి తాళం ఉందా, బిడ్డ ఊరెళ్లిందా, జబ్బుగా ఉందా, పెద్దవాళ్లు వద్దన్నారా. ఆ ఎక్స్ ఇళ్లకే మళ్లీ వెళ్లాలి. మన దేశంలో పోలియో పోవడంలో చుక్కల మందుకు ఎంత పాత్ర ఉందో, వదిలేసిన ఇంటికి మళ్లీ వెళ్లే ఈ పద్ధతికీ అంత పాత్ర ఉంది.

బట్టీలో ఆ పద్ధతి చతికిలబడింది. అక్కడ రాయడానికి గోడ లేదు. బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వచ్చిన ఒడియా కుటుంబాలు, తాము కోసిన ఇటుకలనే సున్నం, సిమెంటు లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, పైన రేకో టార్పాలినో కప్పుకుని ఉంటున్నాయి. లోపలికి పోవాలంటే నడుం వంచాలి. తలుపు లేదు, ఇంటి నంబరు లేదు. నర్సమ్మ ఒక పిల్లాడి నోట్లో రెండు చుక్కలు వేసి, ఎడమచేతి చిటికెన వేలికి మార్కర్ పెట్టింది. చేతి నిండా తడి మట్టి, రంగు పట్టలేదు. కొంగుతో వేలు తుడిచి, ఊది ఆరబెట్టి, గోరూ చర్మమూ కలిసేచోట మళ్లీ గీసింది. ఆ గుడిసెలోనే ఇంకో బిడ్డ ఉందని, తల్లితో పాటు అచ్చుల దగ్గరికి పోయిందని వాళ్లను తీసుకొచ్చిన సర్దార్ చెప్పాడు. అంటే ఎక్స్ వేయాలి. చుట్టూ చూసి ఒక ఇటుక మీద వేసింది. “రేపు నేనొచ్చేసరికి ఈ ఇటుక లారీల ఉంటదేమో మేడమ్” అని, షీట్ తిరగేసి వెనకవైపు పెన్నుతో బొమ్మ గీసుకుంది: బోరింగు, దానికి ఎడమ పక్కన మూడో గుడిసె, ముందర తాడుకు కట్టిన ఉయ్యాల.

మర్నాడు ఆ బొమ్మ పట్టుకునే వెళ్లి ఆ బిడ్డకు చుక్కలు వేసింది. అది చూసి వచ్చి, జిల్లా కేంద్రంలో కూర్చుని రాసేవాళ్లకు ఏమీ తెలియదని వార్తలో గట్టిగా రాశాను. అప్పటి నుంచీ నా పాట అదే. ఆ లెక్కన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పిల్లల ఆరోగ్యం గురించి రాయడం నాకు నచ్చకూడదు.

కానీ పిల్ల ప్రశ్న విన్నాక ఆ షీట్ గురించి మళ్లీ ఆలోచించాను. దాని వెనకవైపు ఉన్న బొమ్మ జిల్లాకు చేరదు. జిల్లాకు, రాష్ట్రానికి, ఢిల్లీకి, జెనీవాకు పోయేది ముందువైపున్న అంకెలే. నర్సమ్మ ఎంత నిష్ఠగా తిరిగినా, బట్టీ అనే గడి ఆ షీట్‌లో లేకపోతే ఆమె బదిలీతోనే ఆ బొమ్మ కూడా పోతుంది. ఆ గడి పెట్టించాలంటే ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని రాయాలి, వాదించాలి, ఒప్పించాలి. పోలియో కార్యక్రమంలో చివరికి జరిగింది అదే. ఇటుక బట్టీలు, నిర్మాణ స్థలాలు, సంచార జాతుల మకాములు ఎక్కడెక్కడున్నాయో దేశమంతటా విడిగా జాబితాలు కట్టి, మైక్రోప్లాన్లలో చేర్చారు. 2011 జనవరి 13న హౌరాలో నమోదైన కేసు మన దేశంలో ఆఖరిది. 2014 మార్చి 27న పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది. అందులో నడిచిన కాళ్లకు ఎంత వాటా ఉందో, జాబితా రాసిన చేతులకూ అంత వాటా ఉంది.

పిల్లల తరఫున అడగడమన్న పని పుట్టిందే కాగితం మీద. 1919లో, మొదటి ప్రపంచ యుద్ధం ఆగినా ఓడల దిగ్బంధం ఆగక ఆస్ట్రియా, జర్మనీల్లో పిల్లలు ఆకలితో మాడుతుంటే, ఎగ్లంటైన్ జెబ్ అనే ఆమె లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కరపత్రాలు పంచింది. ఒక ఆస్ట్రియా పాప ఎముకల గూడులా ఉన్న ఫొటో అందులో ఉంది. అనుమతి లేకుండా పంచినందుకు అరెస్టు చేసి, 5 పౌండ్ల జరిమానా వేశారు. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదే ఆ 5 పౌండ్లు ఆమె చేతిలో పెట్టాడు. సేవ్ ద చిల్డ్రన్ నిధికి అదే తొలి విరాళమని చెబుతారు. పాప వియన్నా వైపు, కరపత్రం లండన్‌లో. ఆ దిగ్బంధం ఎత్తెయ్యగల ప్రభుత్వం ఉన్నది లండన్‌లోనే కాబట్టి ఆమె నిలబడాల్సిన చోటూ అదే. తర్వాత ఆమె రాసిన బాలల హక్కుల ప్రకటనను నానాజాతి సమితి 1924లో ఆమోదించింది.

అంత దూరం ఎందుకు, హైదరాబాద్ చూడండి. పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దగ్గరికి విరేచనాలతో వచ్చే బిడ్డలకు తల్లిదండ్రులు ఓఆర్ఎస్ అనుకుని పట్టించినవి తీపి పానీయాలు. డబ్బా మీద ఓఆర్ఎస్ అని పేరు ఉండేది, లోపల చక్కెర మాత్రం మోతాదుకు ఎన్నో రెట్లు ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. అంతకు మించి తీపి ఎక్కువైతే పేగుల్లోకి నీరు ఇంకా లాగి, విరేచనాలు ముదురుతాయి. ఆమె ఒక్కో తల్లికి చెప్పుకుంటూ పోవచ్చు, చెప్పారు కూడా. కానీ ఎనిమిదేళ్ల పాటు ఉత్తరాలు రాసి, వీడియోలు చేసి, హైకోర్టుకు వెళ్లి పోరాడితేనే 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకాన్ని పూర్తిగా ఆపింది. 2022లో ఒకసారి ఆపి, కొద్ది నెలలకే సడలించిన నిర్ణయం అది. గదిలో చూసిన బిడ్డ ఒకరు, ఆ ఉత్తర్వు కాపాడేది లక్షల మందిని. చూపూ కావాలి, ఫైలూ కావాలి.

ఇంతవరకూ వచ్చాక నాకు అర్థమైంది ఏమిటంటే, దూరమన్నదాన్ని నేను తప్పు కొస నుంచి కొలుస్తున్నాను. హన్మకొండలో కూర్చున్న పిల్ల ఎవరికి దూరం? జెనీవాకు దూరం, న్యూయార్క్‌కు దూరం. పెద్దపల్లి బట్టీకి బస్సెక్కితే చేరుతుంది. ఆ సంస్థలో తనకు పని చెప్పే పెద్దలకు లేని దగ్గరితనం తనకే ఉంది. ఒకప్పుడు ఇలాంటి సంస్థల బల్ల దగ్గర కూర్చోవాలంటే వీసా కావాలి, జెనీవా అద్దెలు కట్టాలి. 2015లో ఐక్యరాజ్యసమితిలో జీతం లేని ఇంటర్న్ ఒకతను అక్కడ గుడారంలో ఉంటున్నాడన్న వార్త అందరూ చదివారు. అంతటి ఖర్చుకు తట్టుకోగలిగిన ఇళ్ల పిల్లలే వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఇటుక బట్టీని చూసిన పిల్ల, ఇటుక బట్టీ లేని నోట్‌ను దిద్దగలుగుతోంది. ఇంటి నుంచి చేసే ఇంటర్న్‌షిప్ తెచ్చిన అసలు మార్పు ఇది.

తనేం చేసిందో చెప్తాను. సమావేశంలో బట్టీ సంగతి ఎత్తితే, బృందం పెద్ద “ఆధారం ఏది?” అని అడిగింది. అడగాల్సిన మాటే. పిల్ల బుధవారం టీకాల సెషన్‌కి వెళ్లి ఏఎన్‌ఎం పక్కన కూర్చుంది. బట్టీ నుంచి వచ్చిన తల్లి దగ్గర తల్లీబిడ్డల కార్డు లేదు, అది ఒడిశాలో ఇంట్లోనే ఉండిపోయింది. ఎక్కడి బిడ్డకైనా ఎక్కడైనా టీకా వేసి, ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ నమోదు అయిన యూ-విన్‌లో ఎక్కించే వీలుంది, ఏఎన్‌ఎం వేసింది కూడా. కానీ ఆ వారం టీకా వేయాల్సిన పిల్లల జాబితాలో, అంటే డ్యూ లిస్టులో, ఆ బిడ్డ పేరు లేదు. అక్కడ లేదు కాబట్టి, రాకపోయినా ఎవరూ వెతికేవారు కాదు. ఇది రాసుకుని, వలసల మీద వచ్చిన అధ్యయనాలు జతచేసి, నోట్ చివర ఒక్కటే అడిగింది: పని స్థలాల జాబితాను టీకాల ప్రణాళికలో తప్పనిసరి చేయండి, ప్రతి సీజన్ మొదట్లో దాన్ని సరిచూడండి. ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి, రెండూ అందులో ఉన్నాయి. అవి లేని నోట్ ఎంత అందంగా రాసినా చెత్తబుట్టకే పోతుంది.

ఇలా రాసి ఒప్పించే పని అవసరం ఇప్పుడు ఎక్కువ. 2025 జూన్‌లో బ్రస్సెల్స్‌లో టీకాల కూటమి గావి 1,190 కోట్ల డాలర్లు అడిగితే, 900 కోట్ల పైచిలుకు హామీలు మాత్రమే వచ్చాయి. డబ్బు తగ్గినప్పుడు ముందు ఖర్చు ఆపేది జాబితాలో కనపడని పిల్లల మీదే.

అందుకే సంస్థలకు నేను చెప్పేది రెండు మాటలు. మొదటిది, జీతం ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి ఇంటర్న్‌లకు భృతి ఇస్తోంది, ఐరాస సచివాలయంలో మాత్రం ఇంటర్న్‌షిప్ జీతం లేనిదే. ఇంట్లో కూర్చుంటే ఖర్చేముందనుకోవద్దు. కరెంటు, నెట్, ఒక గది, ఇంకో ఉద్యోగం వదులుకున్న నెలలు, ఇవన్నీ ఖర్చే. భృతి లేకపోతే ఆసిఫాబాద్ నుంచి రావాల్సిన పిల్ల రాదు. రెండోది, వాళ్లకు సోషల్ మీడియా కార్డులు డిజైన్ చేయడం, మీటింగ్ మినిట్స్ రాయడం మాత్రమే అప్పజెప్పకండి. వాళ్ల జిల్లాలో ఏ పిల్లలు లెక్కలోకి రావడం లేదో మొదటి వారంలోనే అడగండి.

ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకుంటున్న పిల్లలకు చెప్పేది ఒక్కటి. తెలుగు రాష్ట్రాల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఉదయం సబ్‌సెంటర్‌కి వెళ్లి డ్యూ లిస్టు ఎలా కడతారో చూడండి, అందులో ఎవరి పేరు లేదో ఆశా కార్యకర్తను అడగండి. రాత్రి ఎనిమిదికి జెనీవాతో మీటింగ్‌లో ఆ పేరు లేని బిడ్డ గురించి మాట్లాడండి. ఒకే రోజున ఈ రెండు చోట్లా ఉండటం మా తరానికి చేతకాలేదు. మీకు చేతనవుతుంది, కాబట్టి చెయ్యండి.