ఒకే పేరు, రెండు ఊళ్ళు: సాహిత్య చరిత్రలో నామసామ్యం

వ్యాససంగ్రహం

తెలుగు కవుల స్వస్థల నిర్ణయంలో ఊరిపేరును, ఇంటిపేరును ప్రధానాధారాలుగా గ్రహించే పద్ధతి చిరకాలంగా ఉంది. ఒకే పేరు రెండు ఊళ్ళకో, ఇద్దరు వ్యక్తులకో ఉన్నప్పుడు ఈ పద్ధతి ఎంతవరకు నిలుస్తుందన్నది ఈ వ్యాసంలోని విచారణాంశం. ఏకశిలానగరం, వేములవాడ, పాల్కురికి అనే స్థలనామాలను, తిక్కన, వేమన అనే వ్యక్తినామాలను ఇందులో పరిశీలించడం జరిగింది. నామసామ్యం కవి నివాసానికి బలహీనమైన సాక్ష్యమనీ, కవిని తమవాడిగా భావించిన సమాజపు చరిత్రకు మాత్రం బలమైన సాక్ష్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నామసామ్యం, ఊరిపేరు, ఇంటిపేరు, స్థానిక చరిత్ర, ఏకశిలానగరం, వేములవాడ, పాల్కురికి, వేమన.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట ఒకే పేరుగల ఊళ్ళు లెక్కకు మిక్కిలి. కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం వంటి పేర్లు అనేక జిల్లాల్లో కనిపిస్తాయి. జనం ఈ చిక్కును తమదైన రీతిలో పరిష్కరించుకున్నారు. పెద, చిన, ఎగువ, దిగువ, పాత, కొత్త అనే విశేషణాలను పేరుకు ముందు చేర్చారు. తెలంగాణలో కలాన్, ఖుర్ద్ అనే మాటలను పేరు వెనుక చేర్చారు. శాసనాలు వేయించినవారు ఊరిపేరుతోపాటు అది ఏ నాటిలో, ఏ విషయంలో, ఏ సీమలో ఉన్నదో కూడా తరచు పేర్కొన్నారు. పేరు ఒక్కటే చాలదన్న ఎరుక ఇటు వ్యవహారంలోనూ అటు పరిపాలనలోనూ ఉండేదని దీనివల్ల తెలుస్తుంది.

సాహిత్య చరిత్ర రచనలో ఈ ఎరుక అంతగా కనిపించదు. గురజాడ శ్రీరామమూర్తి ‘కవి జీవితములు’, కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’ మొదలుకొని కవికాలనిర్ణయంతోపాటు కవిస్థలనిర్ణయం మన పరిశోధనకు ప్రధాన విషయమైంది. ఆధారాలు స్వల్పంగా ఉన్నచోట పేరే ఆధారమైంది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఈ చర్చలకు ప్రాంతీయాభిమానం కొత్త వేడిని ఇచ్చింది. ఒక కవి ఏ రాష్ట్రానికి చెందుతాడన్న ప్రశ్న పాఠ్యపుస్తకాల్లోకి, పర్యాటక ప్రణాళికల్లోకి ప్రవేశించింది. ఇటువంటి సందర్భంలో నామసామ్యమనే సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వవచ్చో తేల్చుకోవలసిన అవసరం ఉంది.

2. ఇంటిపేరు చెప్పేదేమిటి?

తెలుగువారి ఇంటిపేర్లలో అధికభాగం ఊరిపేర్లనుంచి ఏర్పడినవే. అయితే ఊరిపేరు ఇంటిపేరుగా ఎక్కడ స్థిరపడుతుందో గమనించాలి. ఒక ఊరిలో నివసించే అందరూ ఆ ఊరివారే కాబట్టి, అక్కడ ఆ పేరు ఒక కుటుంబాన్ని మరొక కుటుంబంనుంచి వేరుచేయలేదు. కుటుంబం మరొక చోటికి తరలిపోయినప్పుడు కొత్త ఊరివారు పాత ఊరిపేరుతో వారిని గుర్తిస్తారు. కాబట్టి ఊరిపేరుగల ఇంటిపేరు సాధారణంగా పూర్వికులు విడిచివచ్చిన స్థలాన్ని సూచిస్తుంది. ఆ ఇంటిపేరుగల వ్యక్తి పుట్టినచోటును అది తప్పనిసరిగా సూచించదు.

ఇందుకు ఆధునిక కాలంనుంచి అందరికీ తెలిసిన ఉదాహరణ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన 1888లో జన్మించిన ఊరు తిరుత్తణి. అది నేడు తమిళనాడులో ఉంది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామం. జీవిత వివరాలన్నీ నశించి పేరు ఒక్కటే మిగిలివుంటే, భావి పరిశోధకుడు ఆయనను సర్వేపల్లిలో పుట్టినవాడిగా నిర్ణయించి ఉండేవాడు. మధ్యయుగ కవుల విషయంలో మనం తరచు చేస్తున్నది ఇటువంటి నిర్ణయమే.

3. ఏకశిలానగరం: అనువాదం తెచ్చిన సామ్యం

పోతన నివాస వివాదం తెలుగు సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధం. భాగవత అవతారికలో శ్రీరామ సాక్షాత్కారం తరువాత తాను ఏకశిలానగరానికి వచ్చినట్లు కవి చెప్పుకున్నాడు. ఇది ఓరుగల్లేనని ఒక పక్షం, కడప జిల్లాలోని ఒంటిమిట్ట అని మరొక పక్షం వాదించాయి.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉంది. తెలుగులో ఈ రెండు ఊళ్ళ పేర్లకు పోలిక లేదు. ఓరుగల్లు, ఒంటిమిట్ట అన్నప్పుడు ఎవరూ ఒకదానిని మరొకటిగా పొరబడరు. సంస్కృతంలోకి వెళ్ళినప్పుడే ఇవి ఒకటవుతున్నాయి. ‘ఒరు’, ‘కల్లు’ అనే ద్రావిడ పదాలకు ‘ఏక’, ‘శిలా’ అనేవి సూటియైన అనువాదాలు. ఒంటిమిట్ట విషయం వేరు. మిట్ట అంటే ఎత్తైన నేల, శిల కాదు. ఆ ఊరికి ఏకశిలానగరమన్న పేరు కోదండరామాలయంలోని సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలలో మలచబడినవన్న విశ్వాసాన్ని ఆశ్రయించి ఉంది. ఇది చాలదన్నట్లు ఒంటడు, మిట్టడు అనే ఇద్దరి పేర్లమీదుగా ఊరిపేరు ఏర్పడిందన్న స్థలగాథ కూడా ప్రచారంలో ఉంది. ఒకే ఊరిపేరుకు ఒకటికి మించిన వ్యుత్పత్తులు ఉన్నప్పుడు, వాటిలో కవివాక్యానికి అనుకూలించేదానిని మాత్రమే ఎంచుకోవడం పరిశోధన అనిపించుకోదు.

కాకతీయుల రాజధానికి ఏకశిల అన్న పేరు పోతన కాలానికి, అంటే 15వ శతాబ్దికి, పూర్వమే వ్యవహారంలో ఉంది. పైగా ఓరుగల్లు పక్షం పేరొక్కదానిమీద ఆధారపడలేదు. కవి ఇంటిపేరైన బమ్మెర గ్రామం ఆ ప్రాంతంలోనే, నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. పోతన రచనగా ప్రసిద్ధమైన భోగినీదండకం రాచకొండ పద్మనాయక ప్రభువైన సింగభూపాలునితో ముడిపడి ఉంది. దండక కర్తృత్వాన్ని శంకించినా, ఇంటిపేరు, నగరనామం, చారిత్రక సందర్భం ఒకే దిక్కును చూపుతున్నాయి. ఒంటిమిట్ట పక్షానికి మూలాధారాలు నగరనామం, రామభక్తి. రామసాక్షాత్కారం జరిగిన కవి రామాలయం ఉన్న ఊరివాడే కావాలన్న నియమం లేదు. ఆ పక్షం నిలవాలంటే ఏకశిలానగర వ్యవహారం ఒంటిమిట్టకు పోతన కాలంనాటికే ఉన్నట్లు స్వతంత్రంగా నిరూపించాలి.

ఈ నిర్ణయం కేవలం చిరునామా విషయం కాదు. ఓరుగల్లు 1323లో పతనమైంది. ఆ సామ్రాజ్య స్మృతి మిగిలిన నేలమీద, చిన్న చిన్న ప్రభువుల నడుమ నిలబడి రాజులకు కృతి ఇవ్వనన్న కవిగా పోతనను చదవడం ఒక రీతి. రామక్షేత్రంలోని భక్తకవిగా చదవడం మరొక రీతి. స్థలం మారితే ఆ నిరాకరణకు ఉన్న రాజకీయార్థం కూడా మారుతుంది. కనుకనే ఇందులో సాక్ష్యవిచారణ నిష్కర్షగా సాగాలి.

4. రెండు వేములవాడలు, రెండు కురికెలు

ఏకశిలానగరం విషయంలో సామ్యం అనువాదంవల్ల వచ్చింది. వేములవాడ విషయంలో నేటి తెలుగు పేర్లే ఒకటిగా ఉన్నాయి. ఒకటి తెలంగాణలో రాజరాజేశ్వర క్షేత్రంగా ప్రసిద్ధమైన వేములవాడ. రెండవది ద్రాక్షారామ పరిసరాల్లోని గోదావరి ప్రాంతపు వేములవాడ. వేములవాడ భీమకవిని రెండు ప్రాంతాలవారూ తమవాడన్నారు.

గోదావరి పక్షానికి ద్రాక్షారామ భీమేశ్వరుని వరప్రసాదంవల్ల కవి జన్మించాడన్న గాథ ఆధారం. కాని తెలంగాణ వేములవాడలోనూ భీమేశ్వరాలయం ఉంది. ఊరిపేరుతోపాటు దైవనామం కూడా కలుస్తున్నందున, దైవనామం ఇక్కడ నిర్ణాయకం కాజాలదు. ఇక తెలంగాణ పక్షం వేములవాడ చాళుక్యుల ఆస్థాన వైభవాన్ని చూపుతుంది. రెండవ అరికేసరి ఆశ్రయంలో పంపడు కన్నడంలో విక్రమార్జున విజయాన్ని రచించాడు. అతని సోదరుడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. ఇవి ఆ సీమలో 10వ శతాబ్దినాటి సాహిత్య వాతావరణానికి తిరుగులేని నిదర్శనాలు. అయితే అవి భీమకవిని గురించి చెప్పవు. ఊరికి గొప్ప చరిత్ర ఉండడం ఒకటి, ఫలానా కవి ఆ చరిత్రలో ఉండడం మరొకటి.

వీటికి తోడు కాలక్రమంలో పేరు పొందిన మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 966నాటి పర్భణి తామ్రశాసనంలో తెలంగాణ వేములవాడ లేంబులపాటకంగా కనిపిస్తుంది. అంటే నేడు అక్షరం పొల్లుపోకుండా కలుస్తున్న రెండు పేర్లు వెయ్యేళ్ళ కిందట కూడా ఒకటిగానే ఉండేవని ముందుగా అనుకోవడానికి వీలులేదు. నామసామ్యానికి కూడా ఒక చరిత్ర ఉంటుంది.

పాల్కురికి సోమనాథుని విషయంలో దీనికి విపర్యయం కనిపిస్తుంది. ఇక్కడ నేటి పేర్లు వేరు. తెలంగాణలోని పాలకుర్తి ఒకటి, కర్ణాటకలోని హాల్కురికె మరొకటి. కన్నడంలో పదాది పకారం హకారంగా మారడం సుపరిచితమైన ధ్వనిపరిణామం. మన పల్లి వారికి హళ్ళి అయినట్లే పాల్కురికి హాల్కురికె కావచ్చునన్నది ఈ వాదానికి బలం. భాషాశాస్త్రం ఇక్కడ సాధ్యతను మాత్రమే చూపుతుంది. సాధ్యమైనది జరిగిందనడానికి వేరే ఆధారం కావాలి. సోమనాథుడు అచ్చతెలుగు దేశికవిత్వానికి దారితీసినవాడు, కన్నడదేశపు వీరశైవంతో గాఢసంబంధం కలవాడు. ఈ రెండింటిలో దేనిని ప్రధానంగా భావిస్తే ఆ ప్రాంతానికి అనుకూలంగా పేరును అన్వయించడం జరుగుతున్నది. పేరు ముందు, నిర్ణయం తరువాత అని పైకి కనిపించినా, అనేక సందర్భాల్లో నిర్ణయమే ముందుంది.

5. ఒకే పేరుగల వ్యక్తులు

తాతపేరు మనుమడికి పెట్టే ఆచారంవల్ల ఒకే వంశంలో ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొట్టరువు వంశంలో భారతకర్త తిక్కన, ఆయన పెదతండ్రి కుమారుడు తిక్కన సమకాలికులు. సమాజం వారిని కవితిక్కన, ఖడ్గతిక్కన అని వేరుచేసి గుర్తుంచుకుంది. ఊళ్ళకు పెద, చిన అన్న విశేషణాలు చేసిన పనినే ఇక్కడ కలం, కత్తి చేశాయి.

విశేషణం అందనిచోట కథలు కలిసిపోతాయి. కొండవీటి రెడ్డిరాజుల వంశంలో ప్రోలయ వేమారెడ్డి, అనవేమారెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, రాచవేమారెడ్డి ఉన్నారు. ఇంతమంది వేమల నడుమ శతకకవి వేమన కూడా ఆ రాజవంశీకుడన్న గాథ సులభంగా ఇమిడిపోయింది. కవిని ఆ రెడ్డిరాజుల అనంతర కాలానికి చెందినవాడిగా భావించే పరిశోధకులు ఎందరో ఉన్నా, లోకంలో రాజకుమారుడైన వేమనే నిలిచాడు. ఈ కలయికవల్ల జరిగిన నష్టం కాలగణనకే పరిమితం కాదు. భోగాలు అనుభవించి విరక్తుడైన రాజకుమారుని మాటగా చదివినప్పుడు వేమన పద్యంలోని కులవిమర్శ, ఆకలి, శ్రమ వ్యక్తిగత వైరాగ్యంగా కుదించుకుపోతాయి. రాయలసీమ పల్లెజీవితంనుంచి వచ్చిన మాటగా చదివినప్పుడు అవే పద్యాలు సామాజిక విమర్శగా వినిపిస్తాయి. ఒక పేరు పోలిక కవి వర్గాన్నే మార్చివేసింది.

6. పరీక్షించవలసిన పద్ధతి

పై ఉదాహరణలనుంచి కొన్ని సూత్రాలను గ్రహించవచ్చు.

అ) స్థలనామపు నేటి రూపాన్ని కాక, కవి కాలానికి సమీపమైన శాసనరూపాన్ని పోల్చాలి.
ఆ) ఇంటిపేరును వంశమూలానికి సూచనగా గ్రహించాలి. జన్మస్థలానికి విడిగా ఆధారం చూపాలి.
ఇ) రెండు ఊళ్ళకూ సమానంగా వర్తించే లక్షణాన్ని, ఉదాహరణకు దైవనామాన్ని, నిర్ణాయకంగా తీసుకోరాదు.
ఈ) పేరుతో సంబంధం లేని మరొక ఆధారం తోడైనప్పుడే నామసామ్యాన్ని సాక్ష్యంగా అంగీకరించాలి.
ఉ) స్థలగాథను కవిచరిత్రకు కాక, ఆ గాథ ప్రచారమైన కాలపు చరిత్రకు ఆధారంగా చదవాలి.

చివరి సూత్రం స్థానిక చరిత్రకారులకు ముఖ్యమైనది. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతుల్లో గ్రామవృత్తాంతం అనేక పర్యాయాలు ఊరిపేరు ఎలా వచ్చిందన్న కథతో ఆరంభమవుతుంది. ఆ కథలు వాస్తవాలా అని అడగడంతోపాటు, ఆ ఊరు తనను తాను ఎవరితో ముడివేసుకోదలచిందో అడగాలి. కడప ఊళ్ళపేర్లపై కేతు విశ్వనాథరెడ్డి, గ్రామనామాలపై యార్లగడ్డ బాలగంగాధరరావు చేసిన పరిశోధనలు ఊరిపేరును స్వతంత్ర శాస్త్రవిషయంగా నిలబెట్టాయి. సాహిత్య చరిత్ర ఆ కృషిని ఇంకా తగినంతగా ఉపయోగించుకోలేదు.

7. ముగింపు

కవి ఎక్కడ నివసించాడన్నది ఒక ప్రశ్న. జనం అతనిని ఎక్కడ నిలుపుకున్నారన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపివేసినందువల్లనే స్థలవివాదాలు తెగకుండా సాగుతున్నాయి. పోతన ఓరుగల్లు ప్రాంతంవాడన్న నిర్ణయానికి ఆధారబలం ఎక్కువగా ఉంది. అయినంతమాత్రాన ఒంటిమిట్టవారి పోతన అసత్యమై పోడు. కోదండరామాలయ పునరుద్ధరణకు జీవితాన్ని అంకితం చేసిన వావిలికొలను సుబ్బారావు వంటివారి భక్తిలో, ఆ సీమవాసుల భాగవత పఠనంలో ఆ పోతన చరిత్ర ఉంది. అది పాఠకుల చరిత్ర. దానిని కవిచరిత్రగా నిరూపించబూనడంవల్ల రెండూ బలహీనపడతాయి. విభజనానంతరం రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక చరిత్ర రచన విస్తరిస్తున్న ఈ కాలంలో, విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రెండు చరిత్రలను విడివిడిగా, సమాన గౌరవంతో రాయవలసి ఉంది.